పెర్ఫ్ ఈవెంట్లలో ఏది హార్డ్‌వేర్, ఏది సాఫ్ట్‌వేర్: టైప్ నంబరు ఒక్కటి చూస్తే సరిపోతుందా?

రీడ్‌లూప్ (ప్రశ్న)

లినక్స్‌లో ప్రోగ్రామ్ పనితీరుని కొలిచే పెర్ఫ్_ఈవెంట్_ఓపెన్ సిస్టమ్ కాల్‌ని నేరుగా వాడే ఒక చిన్న కలెక్టర్‌ని సీ భాషలో రాస్తున్నాను. యూజర్ ఇచ్చిన ఈవెంట్ల (లెక్కపెట్టవలసిన సంఘటనల) జాబితాని ముందు హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని రెండు కుప్పలు చెయ్యాలి. తర్వాతి పనులన్నీ ఆ విభజన మీదే ఆధారపడ్డాయి. హార్డ్‌వేర్ ఈవెంటైతే మల్టీప్లెక్సింగ్ (కౌంటర్లు చాలక ఈవెంట్లని వంతులవారీగా కొలవడం) జరిగిందేమో చూసి విలువని స్కేల్ చెయ్యాలి, కౌంటర్లు చాలతాయో లేదో లెక్కేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఈవెంటైతే ఆ తలనొప్పి ఉండదని నా ఆలోచన.

ఇప్పటికి ఆట్రిబ్యూట్ స్ట్రక్చర్‌లోని టైప్ ఫీల్డ్ చూసి తేలుస్తున్నాను. 0 (హార్డ్‌వేర్), 3 (హార్డ్‌వేర్ క్యాష్), 4 (రా, అంటే చిప్ సొంత కోడ్) ఒక కుప్ప. 1 (సాఫ్ట్‌వేర్), 2 (ట్రేస్‌పాయింట్) ఇంకో కుప్ప. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. చిక్కు వచ్చిన చోట్లు ఇవి:

టైప్ 5, అంటే బ్రేక్‌పాయింట్, ఎటు వెయ్యాలి? అది నడిచేది ప్రాసెసర్‌లోని డీబగ్ రిజిస్టర్ల మీద కాబట్టి హార్డ్‌వేర్ అనిపిస్తుంది. కానీ దాన్ని సైకిల్స్‌తో (ప్రాసెసర్ గడియారపు టిక్కుల లెక్కతో) ఒకే గ్రూపులో పెడితే కెర్నెల్ ఏమీ అనట్లేదు. 6, ఆ పైన వచ్చే నంబర్ల సంగతేంటి?

మామూలు యూజర్‌గా నడిపితే కాంటెక్స్ట్-స్విచెస్ (సీపీయూ ఒక టాస్క్ నుంచి ఇంకో టాస్క్‌కి మారిన సార్లు) ఎప్పుడూ 0 వస్తోంది. కొలుస్తున్న ప్రోగ్రామ్ సెకనుకి వందలసార్లు నిద్రపోయి లేస్తుంది, కాబట్టి 0 అసాధ్యం. అదే పరుగులో టాస్క్-క్లాక్ (టాస్క్ సీపీయూ మీద ఉన్న సమయం) మాత్రం సరిగ్గా వస్తోంది. రెండూ టైప్ 1 లోవే.

వర్చువల్ మెషీన్‌లో సైకిల్స్ ఓపెన్ కాకుండా ఎర్రర్ వస్తుంది. అలైన్‌మెంట్-ఫాల్ట్స్ (సరైన హద్దు మీద లేని అడ్రస్‌ని ముట్టుకుంటే వచ్చే ఫాల్ట్‌లు) మాత్రం ఓపెనై 0 చూపిస్తుంది. ఆ 0 ని నమ్మాలా?

కెర్నెల్ అసలు ఈ వర్గీకరణ ఎక్కడ, ఎలా చేస్తుందో తెలిస్తే నా కోడ్‌ని దానికి తగ్గట్టు మార్చుకుంటాను.

---

పీఎంయూ_చూపు

టైప్ ఫీల్డ్ చెప్పేది ఒక్కటే: మీ అభ్యర్థన కెర్నెల్‌లో ఏ పీఎంయూ (పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ యూనిట్) దగ్గరికి వెళ్ళాలి అన్నది. పీఎంయూ అనగానే చిప్‌లోని కౌంటర్ల యూనిట్ గుర్తొస్తుంది గానీ, కెర్నెల్ లెక్కలో ఈవెంట్లని ఇచ్చే ప్రతి డ్రైవరూ ఒక పీఎంయూనే. మీ టైప్ 1 వెనక కూడా ఒక్కటి లేదు, మూడున్నాయి. సీపీయూ-క్లాక్‌కి ఒకటి, టాస్క్-క్లాక్‌కి ఒకటి, పేజ్-ఫాల్ట్స్, కాంటెక్స్ట్-స్విచెస్, సీపీయూ-మైగ్రేషన్స్ లాంటి మిగతా వాటన్నిటికీ కలిపి ఒకటి. మీ టాస్క్-క్లాక్‌కీ కాంటెక్స్ట్-స్విచెస్‌కీ పొంతన కుదరకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. దాని వివరం వేరే ఎవరైనా రాస్తే మంచిది, నేను వర్గీకరణ సంగతి చెబుతాను.

మరోవైపు 0, 3, 4 మూడూ చివరికి చేరేది ఒకే పీఎంయూకి. ఎక్స్86 మీద సీపీయూ అనే పీఎంయూ టైప్ 4 తోనే రిజిస్టర్ అవుతుంది. 0 తో వచ్చిన పేరునీ, 3 తో వచ్చిన క్యాష్ కోడ్‌నీ డ్రైవర్ తన దగ్గరున్న పట్టికలో చూసి ఆ చిప్‌కి తగిన రా కోడ్‌గా మారుస్తుంది. క్యాష్ కోడ్ మూడు ముక్కల కూర్పు: కింది 8 బిట్లలో ఏ క్యాష్, తర్వాతి 8 లో ఏ పని (చదవడం 0, రాయడం 1, ప్రీఫెచ్ 2), ఆ పై 8 లో ఫలితం (యాక్సెస్ 0, మిస్ 1). డేటా టీఎల్‌బీ (అడ్రస్ అనువాదాల క్యాష్) నంబరు 3 కాబట్టి డేటా టీఎల్‌బీ చదివేటప్పటి మిస్ హెక్స్‌లో 10003 అవుతుంది.

ఇక మీరు అడిగిన విభజన. ప్రతి పీఎంయూ నిర్మాణంలో టాస్క్_సీటీఎక్స్_ఎన్‌ఆర్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. దానికి ఉండే విలువలు మూడే: హార్డ్‌వేర్ కాంటెక్స్ట్, సాఫ్ట్‌వేర్ కాంటెక్స్ట్, చెల్లని కాంటెక్స్ట్. ఈవెంట్ ఓపెన్ చేసేటప్పుడు దాని పీఎంయూ సాఫ్ట్‌వేర్ కాంటెక్స్ట్‌ది అయితే ఆ ఈవెంట్ మీద సాఫ్ట్‌వేర్ అని ఒక ముద్ర పడుతుంది. ఆ తర్వాత కెర్నెల్ ఎక్కడ చూసినా ఆ ముద్రనే చూస్తుంది. లెక్క ఎక్కడి నుంచి వస్తోంది, రిజిస్టర్ నుంచా కోడ్ నుంచా అన్నది అక్కడ విషయమే కాదు. షెడ్యూలర్‌కి కావలసింది ఒక్క హామీ: ఈ ఈవెంట్‌ని ఎక్కించమంటే చోటు లేదని వెనక్కి రాకూడదు. ఆ హామీ ఇవ్వగలిగితే సాఫ్ట్‌వేర్.

బ్రేక్‌పాయింట్‌ని ఈ కళ్ళతో చూడండి. ఎక్స్86 లో అడ్రస్ పట్టే డీబగ్ రిజిస్టర్లు 4 ఉంటాయి. బ్రేక్‌పాయింట్ ఈవెంట్ ఓపెన్ చేసేటప్పుడే కెర్నెల్ ఒక స్లాట్‌ని మీ పేరున పక్కన పెట్టేస్తుంది. ఖాళీ లేకపోతే ఈఎన్‌ఓఎస్‌పీసీ ఎర్రర్‌తో అప్పుడే వెనక్కి పంపుతుంది. ఓపెన్ అయిందంటే చోటు ఖాయం, కాబట్టి షెడ్యూల్ చేసేటప్పుడు విఫలమయ్యే ప్రశ్న లేదు. అందుకే లెక్కపెట్టేది హార్డ్‌వేరే అయినా కెర్నెల్ దాన్ని సాఫ్ట్‌వేర్ కాంటెక్స్ట్‌లో పెట్టింది. మీ గ్రూపుకి అభ్యంతరం రాకపోవడానికి కారణం అదే. ట్రేస్‌పాయింట్, కేప్రోబ్, యూప్రోబ్ (కెర్నెల్, యూజర్ కోడ్‌లో పెట్టే పరిశీలన చోట్లు) కూడా అక్కడే. ఎక్స్86 లోని ఎంఎస్ఆర్ పీఎంయూ (ప్రాసెసర్‌లోని ప్రత్యేక రిజిస్టర్లు టీఎస్‌సీ, ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ ఇచ్చేది) కూడా అక్కడే. అవి ఎప్పుడూ తిరుగుతూ ఉండే రిజిస్టర్లు, ఎంతమందైనా ఒకేసారి చదువుకోవచ్చు, పంచుకోవలసిన అవసరం లేదు.

మీ రెండు కుప్పల్లోనూ ఇమడనిది మూడో విలువ, చెల్లని కాంటెక్స్ట్. మెమరీ కంట్రోలర్ లాంటి అన్‌కోర్ (కోర్ల బయట ఉండే) కౌంటర్లు, విద్యుత్ వినియోగం ఇచ్చే పవర్ పీఎంయూ, సీ-స్టేట్ (ప్రాసెసర్ నిద్ర స్థితుల) కౌంటర్లు ఇందులోకి వస్తాయి. మెమరీ కంట్రోలర్ దగ్గర కనిపించేది ఆ సాకెట్ (ప్రాసెసర్ చిప్) మొత్తం రద్దీ. అందులో మీ ప్రాసెస్ వాటా ఎంతో ఆ కౌంటర్‌కి తెలియదు. అందుకని పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చి ఓపెన్ చేస్తే ఈఇన్వాల్ (చెల్లని అభ్యర్థన) ఎర్రర్ వస్తుంది. పీఐడీ -1 పెట్టి, ఒక సీపీయూ నంబరు ఇవ్వాలి.

6, ఆ పైన నంబర్లు పీఎంయూలు రిజిస్టర్ అయిన వరుసలో వస్తాయి. మెషీన్‌ని బట్టి, కెర్నెల్‌ని బట్టి మారతాయి కాబట్టి కోడ్‌లో రాసిపెట్టుకోకండి. సిస్ ఫైల్ సిస్టమ్‌లో బస్ కింద ఈవెంట్_సోర్స్, దాని కింద డివైసెస్ డైరెక్టరీలో ఒక్కో పీఎంయూకి ఒక్కో డైరెక్టరీ ఉంటుంది. అందులోని టైప్ ఫైల్‌లో నంబరు, ఫార్మాట్ డైరెక్టరీలో ఏ బిట్లు ఎక్కడ పెట్టాలో, ఈవెంట్స్ డైరెక్టరీలో పేర్లు దొరుకుతాయి. సీపీయూమాస్క్ ఫైల్ కనిపిస్తే అది సాకెట్ స్థాయి పీఎంయూ అని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు, ఆ మాస్క్‌లో ఉన్న సీపీయూల మీదే ఓపెన్ చెయ్యాలి. సీపీయూస్ అని ఉంటే అది కోర్ పీఎంయూ, ఆ కోర్ల మీద మాత్రమే పనిచేస్తుంది. ఈ రెండు పేర్లు చాలా దగ్గరగా ఉన్నాయి, జాగ్రత్త.

టాస్క్_సీటీఎక్స్_ఎన్‌ఆర్ మాత్రం సిస్ ఫైళ్ళలో కనపడదు. తెలుసుకోవాలంటే ఓపెన్ చేసి చూడటమే మార్గం. సైకిల్స్‌ని లీడర్‌గా (గ్రూపులో మొదటి ఈవెంట్‌గా) ఓపెన్ చేసి, మీ ఈవెంట్‌ని దాని కింద సభ్యుడిగా ఓపెన్ చెయ్యండి. ఒప్పుకుంటే అది అదే పీఎంయూది, లేదా సాఫ్ట్‌వేర్ ముద్ర ఉన్నది. విడిగా ఓపెన్ అయ్యి గ్రూపులో ఈఇన్వాల్ వస్తే వేరే హార్డ్‌వేర్ పీఎంయూది అయ్యే అవకాశమే ఎక్కువ.

---

స్విచ్‌అవుట్

కాంటెక్స్ట్-స్విచెస్ 0 కి జవాబు పర్మిషన్ దగ్గరుంది. ప్రాక్ కింద సిస్, కెర్నెల్ డైరెక్టరీలో పెర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ విలువ చూడండి, 2 ఉండి ఉంటుంది. 4.6 నుంచి మూల కెర్నెల్‌లో డిఫాల్ట్ అదే. 2 ఉంటే మామూలు యూజర్ కెర్నెల్ మోడ్‌ని కొలవకూడదు, అంటే ఎక్స్‌క్లూడ్_కెర్నెల్ బిట్ పెడితేనే ఓపెన్ అవుతుంది. మీ కోడ్‌లోనూ ఈయాక్సెస్ (అనుమతి లేదు) ఎర్రర్ వచ్చాక ఆ బిట్ పెట్టి మళ్ళీ ప్రయత్నించే దారి ఉండి ఉంటుంది. పెర్ఫ్ టూల్ కూడా అదే చేసి పేరు చివర :యు తగిలిస్తుంది.

ఆ బిట్ హార్డ్‌వేర్ ఈవెంట్ మీద పడితే ఏమవుతుంది? కౌంటర్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఒక బిట్ మారుతుంది, రింగ్ 0 (కెర్నెల్ మోడ్) లో నడిచినంతసేపు చిప్ లెక్కపెట్టడం ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఈవెంట్ మీద పడితే వేరు. అక్కడ కెర్నెల్ ఒక సంఘటన జరిగిన చోట ఆపి, ఆ క్షణాన రిజిస్టర్లు ఏ మోడ్‌లో ఉన్నాయో చూస్తుంది. కెర్నెల్ మోడ్ అయితే, ఎక్స్‌క్లూడ్_కెర్నెల్ ఉంటే, ఆ సంఘటనని వదిలేస్తుంది. కాంటెక్స్ట్ స్విచ్ జరిగేదే షెడ్యూలర్ లోపల. ప్రతి స్విచ్చూ కెర్నెల్ మోడ్‌లోనే జరుగుతుంది కాబట్టి ప్రతి ఒక్కటీ వడపోతలో పోతుంది. అందుకే 0 వస్తుంది, దానికి తిరుగుండదు. సీపీయూ-మైగ్రేషన్స్ కూడా ఇదే కారణంతో 0.

పేజ్-ఫాల్ట్స్ మధ్యలో ఉంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. యూజర్ కోడ్ ఒక అడ్రస్ ముట్టుకుని వచ్చిన ఫాల్ట్‌కి రిజిస్టర్లు యూజర్ మోడ్‌వి కాబట్టి లెక్కలోకి వస్తుంది. అదే రీడ్ సిస్టమ్ కాల్ లోపల కెర్నెల్ మీ బఫర్‌లోకి కాపీ చేస్తుండగా వచ్చిన ఫాల్ట్ లెక్కలోకి రాదు. 0 వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కాస్త తగ్గిన సంఖ్య వస్తే ఎవరూ గమనించరు.

టాస్క్-క్లాక్ ఈ దారిలో రాదు. దానికి సంఘటనలంటూ లేవు, టాస్క్ సీపీయూ మీద ఉన్న సమయాన్ని నేరుగా కూడుకుంటుంది. లెక్కపెట్టేటప్పుడు ఎక్స్‌క్లూడ్ బిట్లని పట్టించుకోదు. కాబట్టి టాస్క్-క్లాక్:యు అని రాసి ఉన్నా అందులో కెర్నెల్‌లో గడిపిన సమయం కూడా ఉంటుంది. సైకిల్స్:యు ని టాస్క్-క్లాక్‌తో భాగించి గిగాహెర్ట్జ్ తీస్తే సిస్టమ్ కాల్స్ ఎక్కువున్న ప్రోగ్రామ్‌కి ఫ్రీక్వెన్సీ తక్కువగా కనిపించేది అందుకే. ప్రాసెసర్ నెమ్మదించిందని పొరపాటు పడతారు.

రూట్ లేకుండా స్విచ్‌లు కావాలంటే దారులున్నాయి. ఆట్రిబ్యూట్‌లో కాంటెక్స్ట్_స్విచ్ బిట్ పెట్టండి (4.3 నుంచి ఉంది). ప్రతి స్విచ్‌కీ రింగ్ బఫర్‌లో ఒక రికార్డు పడుతుంది, పారనాయిడ్ 2 ఉన్నా వస్తుంది, దీన్ని తెచ్చిందే అందుకు. మొత్తం సంఖ్య చాలనుకుంటే ప్రాక్‌లో ప్రాసెస్ స్టేటస్ ఫైల్‌లో స్వచ్ఛంద, బలవంతపు స్విచ్‌లు విడివిడిగా ఉంటాయి. సర్వర్ మీ చేతిలో ఉంటే 5.8 నుంచి వచ్చిన క్యాప్_పెర్ఫ్‌మాన్ అనుమతిని మీ బైనరీకి ఇవ్వడం అన్నిటికన్నా శుభ్రమైన పని. అందరికీ పారనాయిడ్ తగ్గించనక్కర్లేదు.

ఎంఎస్ఆర్ పీఎంయూ వాడాలనుకుంటే ఒక మాట. దానికి ఎక్స్‌క్లూడ్ బిట్లు తెలియవు, పెడితే ఈఇన్వాల్. పెట్టకపోతే పారనాయిడ్ 2 కింద ఈయాక్సెస్. అంటే అనుమతి లేని యూజర్‌కి రెండు వైపులా తలుపులు మూసే ఉంటాయి. మీ రీట్రై దారిలో రెండో ఎర్రర్‌ని మాత్రమే చూపిస్తే యూజర్‌కి అసలు కారణం అర్థం కాదు. మొదటి ఎర్రర్‌ని కూడా గుర్తుంచుకుని చూపించండి.

అలైన్‌మెంట్-ఫాల్ట్స్ సంగతి: ఎక్స్86 మీద ఆ కోడ్ దారే లేదు, ఎప్పటికీ 0. సాఫ్ట్‌వేర్ వర్గంలో ఓపెన్ అవ్వడం అంటే ఆ నంబరు చెల్లుతుందని మాత్రమే. ఆ ఆర్కిటెక్చర్‌లో దాన్ని పెంచే కోడ్ ఉందని కాదు. హార్డ్‌వేర్ వర్గంలో పట్టికలో మ్యాపింగ్ లేకపోతే ఓపెన్ దగ్గరే ఈఎన్‌ఓఈఎన్‌టీ లాంటి ఎర్రర్ వస్తుంది. అందుకని 0 కి అర్థం వర్గాన్ని బట్టి మారుతుంది.

---

రీడ్‌లూప్

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. పారనాయిడ్ 2 నే. రూట్‌గా నడిపితే స్విచ్‌లు వస్తున్నాయి.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. సైకిల్స్, ఇన్‌స్ట్రక్షన్స్, రెండు క్యాష్ ఈవెంట్లు, కాంటెక్స్ట్-స్విచెస్ అన్నీ ఒకే గ్రూపులో పెట్టి ఒకేసారి చదువుతున్నాను. ఇంకో గ్రూపు కూడా తోడైతే కాంటెక్స్ట్-స్విచెస్ సంఖ్య ప్రాక్‌లో కనిపించేదానికన్నా తక్కువ వస్తోంది. సాఫ్ట్‌వేర్ ఈవెంట్‌కి చోటు సమస్య ఉండదన్నారు కదా?

---

రొటేట్_4ఎంఎస్

దానికి విడిగా ఉంటే చోటు సమస్య ఉండదు. గ్రూపులో ఉంటే గ్రూపుతో పాటే ఎక్కుతుంది, గ్రూపుతో పాటే దిగుతుంది. గ్రూపు అంటేనే అందరూ ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఎవరూ లేనట్టు. మీ రెండు గ్రూపులూ ఒకేసారి కౌంటర్లలో పట్టకపోతే కెర్నెల్ వాటిని మార్చి మార్చి ఎక్కిస్తుంది. మార్పిడి వ్యవధి ఆ పీఎంయూ సిస్ డైరెక్టరీలో పెర్ఫ్_ఈవెంట్_మక్స్_ఇంటర్వెల్_ఎంఎస్ ఫైల్‌లో ఉంటుంది. డిఫాల్ట్‌గా ఒక టిక్, కెర్నెల్‌ని 250 హెర్ట్జ్‌తో కట్టి ఉంటే 4 మిల్లీసెకన్లు. మీ గ్రూపు దిగి ఉన్న ఆ 4 మిల్లీసెకన్లలో జరిగిన స్విచ్‌లు ఎవరి ఖాతాలోనూ పడవు.

కెర్నెల్ లోపల జరిగేది ఇది. లీడర్ సాఫ్ట్‌వేర్, కొత్తగా వచ్చే సభ్యుడు హార్డ్‌వేర్ అయితే, అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ వైపు ఉన్న గ్రూపు మొత్తాన్నీ హార్డ్‌వేర్ వైపుకి మారుస్తుంది. లీడర్ హార్డ్‌వేర్, సభ్యుడు సాఫ్ట్‌వేర్ అయితే సభ్యుడు లీడర్ వెంట వెళ్తాడు. రెండు వేర్వేరు హార్డ్‌వేర్ పీఎంయూలైతే ఈఇన్వాల్. గ్రూపు మొత్తం సాఫ్ట్‌వేరే అయినప్పుడు మాత్రమే చోటు చూడకుండా ఎక్కించేస్తుంది. కాబట్టి మీ స్కేలింగ్ నిర్ణయం ఈవెంట్ వర్గం మీద కాకుండా గ్రూపు వర్గం మీద ఆధారపడాలి. ఇంకా సులువైన నియమం: వర్గం చూడకండి. రీడ్ ఫార్మాట్‌లో టైమ్ ఎనేబుల్డ్, టైమ్ రన్నింగ్ రెండూ ఎప్పుడూ అడగండి. సమానంగా ఉంటే స్కేలింగ్ అక్కర్లేదు. రన్నింగ్ 0 అయితే విలువకి అర్థమే లేదు, పెర్ఫ్ దాన్నే నాట్ కౌంటెడ్ అని చూపిస్తుంది. మధ్యలో ఉంటే విలువని ఎనేబుల్డ్‌తో గుణించి రన్నింగ్‌తో భాగించండి. 1000 మిల్లీసెకన్లలో 600 మాత్రమే నడిచి 1,20,00,000 వస్తే అంచనా 2,00,00,000.

కాకపోతే ఈ అంచనా సైకిల్స్‌కి పనికొచ్చినంత బాగా కాంటెక్స్ట్-స్విచెస్‌కి పనికిరాదు. సైకిల్స్ ధారగా వస్తాయి, స్విచ్‌లు గుంపులుగా వస్తాయి. ఖచ్చితమైన సంఖ్య చేతికి అందుతున్నప్పుడు దాన్ని అంచనాగా మార్చుకోవడం నష్టం. సాఫ్ట్‌వేర్ ఈవెంట్లని వాటి సొంత గ్రూపులో పెట్టండి. హార్డ్‌వేర్ గ్రూపులో సాఫ్ట్‌వేర్ ఈవెంట్ పెట్టడానికి నాకు కనిపించే న్యాయమైన కారణం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ లీడర్ శాంపిల్ (ఆ క్షణపు స్థితి నమోదు) తీసినప్పుడల్లా పక్కనే హార్డ్‌వేర్ కౌంటర్ విలువలు కూడా కావాలంటే. కౌంటర్ నిండగానే వచ్చే ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ లేని చిప్‌ల మీద అదే ఉన్న దారి.

కౌంటర్ల సంఖ్య మీరే లెక్కేసుకోవాలనుకుంటున్నారు కదా, అది వద్దు. ఇంటెల్ కోర్లలో ఐస్‌లేక్‌కి ముందు హైపర్‌థ్రెడింగ్ ఉంటే ఒక్కో థ్రెడ్‌కి 4 సాధారణ కౌంటర్లు, 3 ఫిక్స్‌డ్ కౌంటర్లు. ఏఎండీ జెన్‌లో 6. సంఖ్య తెలిసినా లాభం లేదు, ఎందుకంటే కొన్ని ఈవెంట్లు కొన్ని కౌంటర్లలోనే కూర్చుంటాయి. చాలా ఇంటెల్ తరాల్లో రెఫ్-సైకిల్స్‌కి ఒకే ఒక ఫిక్స్‌డ్ కౌంటర్ ఉంది. ఒకే గ్రూపులో రెండు రెఫ్-సైకిల్స్ పెడితే పక్కన నాలుగు ఖాళీగా ఉన్నా ఓపెన్ కాదు.

ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ (సీపీయూ బిగుసుకుపోయిందేమో కనిపెట్టే కెర్నెల్ కాపలా) దగ్గర ఇంకో చిక్కుంది. అది నడుస్తుంటే ప్రతి సీపీయూ మీదా సైకిల్స్ ఈవెంట్ ఒకటి దిగకుండా పిన్ చేసి పెట్టుకుంటుంది. గ్రూపు పడుతుందా అని ఓపెన్ చేసేటప్పుడు కెర్నెల్ చేసే పరీక్ష ఖాళీ పీఎంయూ మీద చేస్తుంది, వాచ్‌డాగ్ తీసుకున్న కౌంటర్‌ని లెక్కలోకి తీసుకోదు. అందుకని సరిగ్గా అంచుదాకా నిండిన గ్రూపు ఓపెన్ అయిపోతుంది, ఎర్రర్ ఉండదు, కానీ ఒక్కసారి కూడా ఎక్కదు. టైమ్ రన్నింగ్ 0 తో మిగులుతుంది. ప్రాక్‌లో సిస్, కెర్నెల్ కింద ఎన్‌ఎంఐ_వాచ్‌డాగ్‌లో 0 రాసి మళ్ళీ నడిపితే లెక్కలు వస్తే కారణం తేలినట్టే. కొలత అయ్యాక 1 రాయడం మర్చిపోకండి.

---

ఐఆర్‌క్యూ_ఆఫ్

వర్చువల్ మెషీన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. ముందు డీమెసేజ్ (కెర్నెల్ సందేశాల లాగ్) లో పెర్ఫార్మెన్స్ ఈవెంట్స్ అనే వరుస చూడండి. పీఎంయూ డ్రైవర్ లేదు, సాఫ్ట్‌వేర్ ఈవెంట్లు మాత్రమే అని ఉంటే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపేది) మీకు కౌంటర్లు ఇవ్వలేదు. కేవీఎం (లినక్స్ హైపర్‌వైజర్) అయితే గెస్ట్‌కి (వర్చువల్ మెషీన్‌కి) పీఎంయూ ఇచ్చే సెట్టింగ్ ఉంది, హోస్ట్ మీ చేతిలో ఉంటే పెట్టించుకోండి.

లేకపోతే పెర్ఫ్ రికార్డ్ సైకిల్స్ వదిలేసి క్లాక్ ఈవెంట్‌కి జారుకుంటుంది. చాలామంది ఇక్కడ ఏమీ మారలేదనుకుంటారు, ఎందుకంటే ఫ్లేమ్ గ్రాఫ్ (ఏ ఫంక్షన్ ఎంత సమయం తిన్నదో చూపే బొమ్మ) అలాగే వస్తుంది. యూజర్ కోడ్ వరకూ నిజంగానే పెద్ద తేడా ఉండదు. కెర్నెల్ కోడ్‌కి మాత్రం చాలా ఉంటుంది. ఎక్స్86 మీద సైకిల్స్ ఓవర్‌ఫ్లో ఎన్‌ఎంఐగా (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్‌గా) వస్తుంది, ఇంటరప్ట్‌లు ఆపి ఉన్న కోడ్ మధ్యలో కూడా శాంపిల్ తీస్తుంది. సీపీయూ-క్లాక్ శాంపిల్ హైరిజల్యూషన్ టైమర్ ఇంటరప్ట్ మీద వస్తుంది, ఇంటరప్ట్‌లు ఆపి ఉంటే బయట వేచి ఉంటుంది. మళ్ళీ తెరిచిన మరుక్షణం దూరుతుంది.

దగ్గర నుంచి చూస్తే ఇలా కనిపిస్తుంది: ఒక డ్రైవర్ స్పిన్‌లాక్ తీసుకుని, ఇంటరప్ట్‌లు ఆపి, 50 మైక్రోసెకన్ల పాటు ఒక జాబితాలో వెతుకుతుంది. ఆ వెతికే ఫంక్షన్ పేరు రిపోర్టులో దాదాపు ఉండదు. లాక్ వదిలి ఇంటరప్ట్‌లు పునరుద్ధరించే స్పిన్ అన్‌లాక్ ఐఆర్‌క్యూ రిస్టోర్ ఫంక్షన్ మాత్రం పైన కూర్చుంటుంది. లాక్ వదలడం ఖరీదైన పనేమీ కాదు. అంతసేపూ ఆగిన టైమర్లన్నీ అక్కడ పడుతున్నాయంతే. రిపోర్టులో ఆ పేరు పైన కనిపిస్తే, దాన్ని పిలిచిన ఫంక్షన్ లాక్ పట్టుకుని ఏం చేస్తోందో చూడండి.

మీ కలెక్టర్‌కి సంబంధించి ఇంకో రెండు విషయాలు. క్లాక్ ఈవెంట్ల శాంపిల్ వ్యవధి 10 మైక్రోసెకన్ల కన్నా తగ్గదు, తక్కువ అడిగినా కెర్నెల్ 10 కి పెంచేస్తుంది. ఎక్స్‌క్లూడ్ బిట్లని లెక్క పట్టించుకోదని పైన స్విచ్‌అవుట్ గారు అన్నది నిజం, కానీ శాంపిల్ పట్టించుకుంటుంది. టైమర్ పడినప్పుడు మోడ్ చూసి కెర్నెల్ శాంపిళ్ళని వదిలేస్తుంది. ఒకే ఈవెంట్ లెక్కలో ఒకలా, శాంపిల్‌లో ఒకలా ప్రవర్తిస్తుంది కాబట్టి శాంపిళ్ళని కూడి టాస్క్-క్లాక్‌తో పోల్చి సరిచూసే పరీక్షలు రాయకండి, :యు తో అవి ఎప్పుడూ తప్పుతాయి.

బ్రాంచ్ స్టాక్ (ఇటీవలి జంప్‌ల జాబితా) కావాలని అడిగితే ఈ సాఫ్ట్‌వేర్ ఈవెంట్లు ఈఓపీనాట్‌సప్ (మద్దతు లేదు) ఇస్తాయి. అన్‌కోర్, ఎంఎస్ఆర్ పీఎంయూలకైతే శాంపిలింగే లేదు, వ్యవధి పెడితే ఈఇన్వాల్ వస్తుంది. అవి లెక్కకి మాత్రమే.

---

పీఎంయూ_చూపు

పేరు వల్ల వచ్చే చిక్కు ఒకటి మిగిలింది. క్యాష్-మిసెస్ అనే టైప్ 0 పేరు చాలా మెషీన్ల మీద ఓపెన్ అవుతుంది, అర్థం మాత్రం ఒకటి కాదు. ఇంటెల్‌లో అది చివరి స్థాయి క్యాష్ మిస్‌కి మ్యాప్ అవుతుంది. ఆర్మ్‌వీ8 లో ఎల్1 డేటా క్యాష్ రీఫిల్‌కి. ఈ రెండు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి ఏ చిప్ మెరుగో చెప్పడం అర్థం లేని పని. మీ అవుట్‌పుట్‌లో పేరుతో పాటు టైప్, కాన్ఫిగ్, సిస్ ఫైల్లోని పీఎంయూ పేరు కూడా రాయండి. పెర్ఫ్ స్టాట్‌కి -వివి ఇస్తే ప్రతి ఈవెంట్‌కీ కెర్నెల్‌కి పంపిన ఆట్రిబ్యూట్ మొత్తం అచ్చు వేస్తుంది. మీ కోడ్ పంపేది దానితో పోల్చి చూసుకోవచ్చు.

రెండు రకాల కోర్లున్న చిప్‌లలో (ఇంటెల్ ఆల్డర్‌లేక్, ఆర్మ్ బిగ్‌లిటిల్) హార్డ్‌వేర్ వర్గమే రెండుగా చీలుతుంది. ఆల్డర్‌లేక్‌లో సీపీయూ_కోర్, సీపీయూ_ఆటమ్ అని రెండు పీఎంయూలుంటాయి. టైప్ 0 తో సైకిల్స్ అడిగేటప్పుడు కాన్ఫిగ్‌లో పై 32 బిట్లలో కావలసిన పీఎంయూ టైప్ నంబరు పెట్టాలి, 5.13 నుంచి ఇది ఉంది. పెట్టకపోతే టైప్ 4 దానికే, అంటే సీపీయూ_కోర్‌కే వెళ్తుంది. టాస్క్ ఆటమ్ కోర్ మీద నడిచిన సమయమంతా జారిపోతుంది. కాబట్టి రెండూ ఓపెన్ చెయ్యాలి, వేర్వేరు గ్రూపుల్లో, ఎందుకంటే రెండు హార్డ్‌వేర్ పీఎంయూలు ఒక గ్రూపులో ఒప్పుకోదు. టాస్క్ ఒక రకం కోర్ మీదే నడిస్తే రెండోది నాట్ కౌంటెడ్ అని వస్తుంది, అది తప్పేమీ కాదు. ఇక్కడ మాత్రం ఎనేబుల్డ్, రన్నింగ్ చూసి స్కేల్ చెయ్యకండి. రన్నింగ్ తక్కువగా ఉంది కౌంటర్ చాలక కాదు, టాస్క్ ఆ కోర్ మీద లేక. రెండు పచ్చి విలువల్నీ కూడితేనే అసలు మొత్తం వస్తుంది. స్కేల్ చేసి కూడితే దాదాపు రెట్టింపు అవుతుంది.

---

రీడ్‌లూప్

కుప్పలు తీసేస్తున్నాను. ఒక్కో ఈవెంట్‌కి నాలుగు విషయాలు దాచుకుంటాను: పీఎంయూ పేరు, పీఐడీతో ఓపెన్ అవుతుందా, శాంపిల్ ఒప్పుకుంటుందా, ఎక్స్‌క్లూడ్ బిట్లు ఒప్పుకుంటుందా. మొదటిది సిస్ ఫైళ్ళ నుంచి, మిగతా మూడూ స్టార్టప్‌లో ఒక్కసారి ఓపెన్ చేసి మూసేసి. సాఫ్ట్‌వేర్ ఈవెంట్లకి సొంత గ్రూపు.

---

స్విచ్‌అవుట్

ఆ పరీక్షలు డిసేబుల్డ్ బిట్ పెట్టి చెయ్యండి, లేకపోతే ఓపెన్ చేసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. ఇంకోటి, ఎక్స్‌క్లూడ్ ఒప్పుకుంటుందా అన్న పరీక్ష పేజ్-ఫాల్ట్స్, కాంటెక్స్ట్-స్విచెస్ రెండిటికీ అవును అనే చెబుతుంది. వడపోత వల్ల 0 వచ్చేవి ఏవో ఓపెన్ చేసి కనుక్కోలేరు. కాంటెక్స్ట్-స్విచెస్, సీపీయూ-మైగ్రేషన్స్ పేర్లు కోడ్‌లో రాసిపెట్టుకుని, ఎక్స్‌క్లూడ్_కెర్నెల్ ఉన్నప్పుడు వాటి పక్కన 0 బదులు అనుమతి లేదు అని చూపించండి.